చీటీలో రాయని ఆయాసం

నేను ఆళ్లగడ్డలో ముప్పై నాలుగేళ్లుగా వైద్యం చేస్తున్న ఉత్త ఎంబీబీఎస్ డాక్టర్ని. ఉత్త అన్న మాట నాది కాదు, జనానిది. నా వరండాలో నా బెంచీ మీదే కూర్చుని, "ఈయప్ప ఉత్త ఎంబీబీఎస్సేలే, నంద్యాలకు పోదాం పా" అని నాకు వినపడేట్టే అనుకుంటారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడూ మండుతుంది. అరవై దాటితే తగ్గుతుందని ఎవరో అంటే నమ్మాను, తగ్గలేదు. నా గురించి ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే లూదియా చావులో ఈ మంటకు భాగముంది.

లూదియాను మొదటిసారి నా దగ్గరికి తెచ్చినప్పుడు ఆమెకు నాలుగేళ్లు. తల్లి పరంజ్యోతి అంగన్‌వాడీ టీచరు, భర్త లేని మనిషి. పిల్లను భుజాన వేసుకుని పరుగున వచ్చింది. ఆ పిల్ల ఛాతీలో పిల్లికూతలు గది బయటికి వినపడుతున్నాయి. ఉబ్బసం. ఆ తర్వాత ప్రతి చలికాలం వాళ్లు నా దగ్గరే ఉండేవారు. ఆ పిల్ల సూదికి ఏడ్చేది కాదు. "అయిపోయిందా సార్?" అని అడిగి, గౌను సర్దుకుని, తల్లికంటే ముందు బయటికి నడిచేది. ఆ ధీమా చూస్తే నాకు ముచ్చటేసేది.

పెద్దదయ్యేకొద్దీ ఆయాసం తగ్గింది. దుమ్ములో పనిచేసినప్పుడో, మబ్బు పట్టినప్పుడో ఒకసారి పలకరించి పోయేది. నోట్లోకి పీల్చే మందు ఒకటి ఇచ్చి, ఎప్పుడూ సంచిలో పెట్టుకోమన్నాను. ఆమె బీఈడీ చేసింది, టీచరు ఉద్యోగం తెచ్చుకుంది. అప్పుడు గడివేముల సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు జీవన్ కుమార్, మా ఊరి కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు.

పెళ్లిచూపులకు ముందు రోజు పరంజ్యోతి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. జనం పోయేదాకా బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"సార్, రేపు పిల్లోని తరపోళ్లు వస్తాండారు. వాళ్ల మేనమామ ఈ ఊర్లోనే ఉండాడు. మీ దగ్గరికొచ్చి అడుగుతాడంట, పిల్లకు ఏమైనా జబ్బులుండాయా అని" అంది. ఆ మాటకే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అడగనీ. ఏమీ లేదని చెప్తాలే" అన్నాను.

"ఆయాసమని తెలిస్తే పోతారు సార్. ఇంతకుముందు ఒకటి అట్లనే పోయింది."

నాకు రోషం వచ్చింది. బంగారంలాంటి పిల్లను చలికాలపు దగ్గు కోసం వద్దనుకునే వాళ్ల మీద రోషం. "ఇదిగో, ఇద్దరూ వినండి. ఆయాసం అనే మాట ఇంగ మీ నోట్లోనుంచి రాకూడదు. ఎవరడిగినా లేదు అనాల. డాక్టరడిగినా సరే. లూదియా, నీకే చెప్తాండా, అర్థమైందా?" అన్నాను.

"అర్థమైంది సార్" అంది లూదియా, తల దించుకుని.

అంతటితో ఊరుకోలేదు. నా దగ్గర రోగులందరికీ అట్టకార్డులు ఉంటాయి. ఆమె పాత కార్డు తీసి, వాళ్ల ముందే చించి బుట్టలో వేశాను. కొత్త కార్డు రాశాను. జలుబు, రక్తం తక్కువ, అంతే. పరంజ్యోతి నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. ఊరి డాక్టరంటే సగం పని నోరు మూసుకోవడమే అని నేను గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఎవరి కోడలికి మూర్ఛలో, ఎవరి మామకు క్షయో, అన్నీ నా కడుపులోనే ఉంటాయి. మేనమామ వచ్చి అడిగినప్పుడు, "ఆ పిల్లకు జబ్బా? ఆ పిల్ల నీకు వైద్యం చేస్తాది" అని నవ్వించి పంపాను. పెళ్లి అయింది. విందులో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆ రోజు నా అంత మంచివాడు లేడనుకున్నాను.

కూతురు కీర్తన పుట్టిన ఆరేళ్లకు లూదియాకు తలనొప్పి మొదలైంది. కుడివైపు కణత దగ్గర మొదలై కంటి వెనక్కి పాకేది. వెలుగు చూడలేదు, చప్పుడు భరించలేదు, వాంతులు. మైగ్రేన్ అని నాకు మొదటి రోజే తెలుసు. బడినుంచి నేరుగా నా క్లినిక్కుకు వచ్చి, వెనక గదిలో కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేది. నేను సూది వేసేవాణ్ణి. రెండు గంటల తర్వాత లేచి, ముఖం కడుక్కుని, "ఈ దినం పిల్లోళ్లకు పరీక్ష సార్" అని మళ్లీ బడికి పోయేది.

ఇలా నాలుగేళ్లు నడిచింది. నెలకు రెండుసార్లు వచ్చే నొప్పి వారానికి రెండుసార్లయింది. ఆమె సొంతంగా మాత్రలు కొనుక్కుని మింగడం మొదలుపెట్టింది. నెలలో ఇరవై రోజులు నొప్పి మాత్రలు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయని నాకు తెలుసు. రాకుండా ఆపే మందులు వేరే ఉంటాయనీ తెలుసు, కానీ వాటిలో నాకు చెయ్యి తిరగలేదు. తెలియదని ఒప్పుకుంటే పోయేది. ఒప్పుకోలేదు.

జీవన్ కుమారే ఒకరోజు అడిగాడు. మెత్తటి మనిషి. గట్టిగా మాట్లాడితే ఎదుటివాళ్లకు ఎక్కడ నొప్పి కలుగుతుందో అన్నట్టు ఉంటాడు. "సార్, నంద్యాలకు బేస్తవారం బేస్తవారం నరాల డాక్టరు వస్తాండాడంట. ఒకసారి చూపిస్తే ఎట్లుంటాదంటారు?" అన్నాడు.

"నేను చచ్చిపోయినాననుకుంటాండావా?" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "అయ్యో, అట్లగాదు సార్" అని వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత రెండు నెలలు మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ రెండు నెలలూ లూదియా నా వెనక గదిలో దుప్పటి చీకట్లో పడుకుంది. చివరికి ఒక బుధవారం ఆమె వాంతులు చేసుకుంటూ గోడకు తల కొట్టుకుంటుంటే చూడలేక, నేనే పిలిచి, "రేపు నంద్యాలకు పిల్చకపో. చీటీ రాసిస్తా" అన్నాను.

ఆ చీటీ గురించి చెప్పాలి. మేం డాక్టర్లం ఒకరినుంచి ఒకరికి రోగిని పంపేటప్పుడు ఇంగ్లీషులో ఒకే ఒక వాక్యం రాస్తాం. ఈ రోగిని చూసి తగినది చేయగలరు అని దానర్థం. ముప్పై ఏళ్లుగా అందరం అదే రాస్తున్నాం. అవతలివాళ్లు దాన్ని చదవరు, ఇవతలివాళ్లు చదవాలని ఆశించరు. ఆ రోజు ఆ వాక్యం రాశాక నా కలం ఆగింది. చిన్నప్పటినుంచి ఉబ్బసం ఉంది అని రాయాలి. రాయకపోతే తప్పు. తెలుసు.

కానీ ఎదురుగా జీవన్ కూర్చున్నాడు. చీటీ ఆయన చేతికే ఇవ్వాలి. డిప్లొమా చదివిన మనిషి, ఇంగ్లీషు వచ్చు. బస్సులో చదువుకుంటాడు. పన్నెండేళ్లు దాచిన సంగతి నా చేతిరాతలో ఆయన కంట పడుతుంది. లూదియా ఆయన పక్కన, కళ్ల మీద చున్నీ కప్పుకుని కూర్చుంది. నేను సంతకం పెట్టి మడిచి ఇచ్చేశాను.

ఫోన్ చేసి చెప్పవచ్చులే అనుకున్నాను. ఆ నరాల డాక్టరు హరీష్, కర్నూలునుంచి వారానికొకరోజు వస్తాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. అంతకు ముందొకసారి వేరే రోగి విషయంలో ఫోన్ చేస్తే రిసెప్షన్ అమ్మాయి, "మీరెవరు? ఏ ఆళ్లగడ్డ? సార్ బిజీ" అని పెట్టేసింది. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. నా తమ్ముడి కొడుకు వయసువాడు, వాడికోసం నేను ఫోన్ పట్టుకుని కాచుకోవాలా? చేయలేదు. మరుసటి రోజంతా రోగులను చూస్తూనే ఉన్నాను. చేయాలి అనుకుంటూనే ఉన్నాను. సాయంత్రమైంది. వాళ్లు వచ్చేసి ఉంటారులే అనుకున్నాను.

ఆరు వారాల తర్వాత లూదియా వచ్చింది. గుర్తుపట్టలేదు. ముఖంలో కళ వచ్చింది, కళ్ల కింద నలుపు పోయింది. జీవన్ బయట బండికి స్టాండు వేస్తున్నాడు. ఆమె ముందుగా లోపలికి వచ్చి, ప్లాస్టిక్ ఫైలు నా బల్ల మీద పెట్టింది.

"సార్, ఈ నెల ఒక్కసారే వచ్చింది నొప్పి. నమ్ముతారా? ఒక్కసారే! నొప్పి మాత్రలన్నీ మాన్పించినాడు. రోజూ ఒక మాత్ర ఇచ్చినాడు, అంతే."

నాకు సంతోషం కలిగిందని చెప్పాలని ఉంది. కలగలేదు. నాలుగేళ్లు నేను చేయలేని పని ఆ కుర్రవాడు ఒక్క బేస్తవారంలో, ఐదు నిమిషాల్లో చేశాడు. "ఇంగేముంది, పెద్ద డాక్టరు దొరికినాడు. నాతో పనేముందమ్మా" అన్నాను.

ఆమె నవ్వేసింది. నా మూతి విరుపులు ఆమెకు చిన్నప్పటినుంచి అలవాటే. "ఫైలు మీకు చూపీమన్నాడు సార్. మీకు ఏందో రాసినాడంట."

"చూసినట్టేలే, తీసుకపో."

"ఒకసారి చూడండి సార్."

"చూసినట్టే అంటాంటే!" అని ఫైలును వేలితో ఆమె వైపు నెట్టాను.

ఆమె ఫైలు తీసుకుంది. గుమ్మం వైపు చూసింది, జీవన్ ఇంకా రాలేదు. గొంతు తగ్గించి, "సార్, ఈ మధ్య మెట్లెక్కితే కొంచెం ఆయాసమొస్తాండాది. శానా దినాలైంది అది రాక" అంది.

అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఏం మాత్ర ఇచ్చాడు? నిన్న చేరిన హౌస్ సర్జన్ అయినా అడుగుతాడు. ఫైలు ఆమె చేతిలోనే ఉంది. నేను గర్వం మింగి దాన్ని వెనక్కి అడగాలి. "మబ్బు పట్టింది కదా, అందుకే. పీల్చే మందు ఉండాది కదా, వాడుకో" అన్నాను. అప్పుడే జీవన్ లోపలికి వచ్చాడు. ఆమె మాట మార్చి, కీర్తన చదువు గురించి చెప్పడం మొదలుపెట్టింది.

డిసెంబరు మొదటి వారంలో, క్రిస్మస్ కోసం వాళ్ల చర్చికి రంగులు వేసే పని పెట్టుకున్నారు. ప్రతి ఏడూ సంఘమంతా కలిసి చేసుకునే పని అది. మగవాళ్లు గోడలు గీకి సున్నం కొడతారు, ఆడవాళ్లు బెంచీలు బయటవేసి బూజు దులుపుతారు. లూదియా క్వయర్‌లో పాడుతుంది, అందరికంటే ముందు ఉండే మనిషి. శనివారం పొద్దున పదింటికి లోపలంతా సున్నపు దుమ్ము లేచింది. ఆమె కొంగు ముక్కుకు కట్టుకుని దులుపుతూ ఉందట. కాసేపటికి ఏదో పని ఉన్నట్టు వెనక్కి వెళ్లింది. అక్కడ పీల్చే మందు పీల్చింది. తగ్గలేదు. మళ్లీ పీల్చింది. ముందుకు వచ్చి ఎవరికైనా చెప్పవలసింది. ముందు వైపు జీవన్ నిచ్చెన మీద నిలబడి గోడ గీకుతున్నాడు. ఆమె అరగంట ఆ వెనకే గోడకానుకుని కూర్చుంది. తగ్గితే వద్దామనుకుంది కాబోలు. ఇంకొకామె నీళ్లకని వెనక్కి వెళ్లి చూసేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి.

ఆటోలో నా దగ్గరికి తెచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత అవే పిల్లికూతలు మళ్లీ నా గదిలో. కాసేపటికి ఆ కూతలూ తగ్గాయి. కూతలు తగ్గడం మంచిదనుకుంటారు తెలియనివాళ్లు. గాలి ఆడకపోతేనే కూతలు ఆగుతాయి. ఆక్సిజన్ పెట్టాను, ఆవిరి మందు పెట్టాను, సూదులు వేశాను. ఏ మందూ పట్టడం లేదు. ఎందుకు పట్టదు? నా చేతుల్లో ఇరవైసార్లు తగ్గిన ఆయాసం ఇప్పుడెందుకు తగ్గదు? అప్పుడు గుర్తొచ్చింది. "జీవన్, ఆ నంద్యాల మాత్ర ఏంది? రోజూ మింగేది?" అని అరిచాను. ఆయన ఫోన్‌లో మందుల చీటీ ఫొటో చూపించాడు.

ప్రొప్రనొలాల్. పాత మందు, మంచి మందు. గుండెదడకు, బీపీకి వాడతారు, మైగ్రేన్ రాకుండా బ్రహ్మాండంగా ఆపుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వకూడదు. ఊపిరి గొట్టాలు బిగించేస్తుంది, వాటిని విప్పే మందును పని చేయనివ్వదు. వైద్యం చదివిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఆ కుర్రవాడికీ తెలుసు. ఆమెకు ఉబ్బసమని మాత్రం తెలియదు.

నూటెనిమిది అంబులెన్సు వచ్చింది. నేనూ ఎక్కాను. లూదియా నా చొక్కా అంచు పట్టుకుని ఉంది. మాట రావడం లేదు. శిరివెళ్ల దాటేదాకా పట్టుకునే ఉంది. ఆ తర్వాత వేళ్లు వదులయ్యాయి. నేను నంద్యాల ఆస్పత్రి గేటు దాకా ఆమె ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నాను. లాభం లేదని నాకు దారిలోనే తెలుసు. ముందు సీట్లో జీవన్ ఉన్నాడు. ఆయనకు చెప్పే ధైర్యం లేక నొక్కుతూ పోయాను.

మరుసటి సోమవారం హరీష్‌కు ఫోన్ చేశాను. ఈసారి అరగంట కాచుకున్నాను, ఏమీ అనిపించలేదు. సంగతంతా ఆయన విన్నాడు. తర్వాత మెల్లగా, "నేను అడిగాను సార్. ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా, ఉబ్బసం ఉందా అని రెండుసార్లు అడిగాను. లేదన్నారామె. అయినా మనసొప్పక మీకు ఉత్తరం రాశాను. చిన్నప్పటినుంచి చూస్తున్న డాక్టరు కదా, మీకు తెలిసి ఉంటుందని. పాత వివరాలేమైనా ఉంటే ఫోన్ చేయండి, వెంటనే మందు మారుస్తాను అని నా నంబరు కూడా రాశాను. మీరు చేయలేదు కాబట్టి ఏమీ లేదనుకున్నాను" అన్నాడు.

"ఉత్తరం నేను చదవలేదు" అన్నాను.

నన్ను తిడితే బాగుండేది. "నేనే ఇంకోసారి కనుక్కోవాల్సింది సార్" అన్నాడా కుర్రవాడు. ఇలాంటివాడిమీద నేను ఇన్నాళ్లూ అసూయపడ్డాను.

లూదియా కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. ప్రార్థన అయ్యాక జీవన్ లేచి, అందరికీ కృతజ్ఞత చెబుతూ, "లక్ష్మీనారాయణ సార్ కడదాకా ఆమెతోనే ఉన్న్యాడు. ఆ రుణం తీర్చుకోలేను" అన్నాడు. జనం వెనక్కి తిరిగి నా వైపు చూశారు. భూమి చీలితే బాగుండునని నిజంగా అనిపించింది. లేచి నిజం చెప్పేద్దామనుకున్నాను. అప్పుడు ముందు వరసలోనుంచి పరంజ్యోతి నా వైపు చూసింది. తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. చనిపోయాక కూడా కూతురు అబద్ధమాడిందని అల్లుడికి తెలియకూడదని ఆమె తాపత్రయం. నేను మళ్లీ నోరు మూసుకున్నాను. అప్పటికి ఈ రహస్యం మా ఇద్దరి మధ్యే ఉందని నా నమ్మకం.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ముగ్గురూ వచ్చారు. జీవన్, పరంజ్యోతి, మధ్యలో కీర్తన. ఆ పాపకు పదేళ్లు. వారం రోజులుగా తలనొప్పి అంటోందట, వెలుగు చూస్తే ఏడుస్తోందట. బడిలో రెండుసార్లు వాంతి చేసుకుందట. ఇవి తల్లినుంచి పిల్లలకు వస్తాయి. నేను కళ్లు చూశాను, నాడి చూశాను. స్టెతస్కోపు వీపుమీద పెట్టాను. ఊపిరి చివర సన్నగా, ఈల వేసినట్టు ఒక చప్పుడు.

"ఈ పాపకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయా?" అని అడిగాను.

"లేదు సార్! ఊరికే జలుబు, అంతే" అంది పరంజ్యోతి. అడిగీ అడగకముందే అంది. పన్నెండేళ్ల కిందట ఈ గదిలో తలుపు దగ్గరికి వేసి చూసిన చూపే చూసింది నన్ను. ఆమెను ఏమనగలను? ఆ మాట ఆమెకు నేర్పింది నేను.

"ఉండాది సార్" అన్నాడు జీవన్.

పరంజ్యోతి అల్లుడి వైపు తిరిగింది.

"ఉండాది. రెండేండ్లుగా ఉండాది. వాళ్లమ్మకున్నట్టే" అన్నాడాయన.

"వాళ్లమ్మకు ఉండేదని నీకెవరు చెప్పినారు?" అన్నాను.

"ఎవరో చెప్పాల్నా సార్? పన్నెండేండ్లు పక్కన పండుకున్నోన్ని. నాకు వినపడదా?" అన్నాడు. గొంతు పెంచలేదు, ఆయనకు చేతకాదు. "పెండ్లయిన మొదటి చలికాలమే తెలిసింది. గోడ పక్కకు తిరిగి, దుప్పట్లో ఆ మందు పీల్చేది. నేను నిద్రపోయినట్టే ఉంటాంటి. తెలిసిందంటే సిగ్గుపడతాదని. ఆమంతట ఆమే ఒకరోజు చెప్తాదిలే అనుకున్న్యా. మందు అయిపోవస్తే, ఆమె కొనుక్కోను తీరిక లేకపోతే, నేనే ఆ రకందే తెచ్చి పాతది తీసేసి కొత్తది ఆ సంచిలో పెడతాంటి. ఆమెకు తెలీదు."

పరంజ్యోతి కొంగు నోట్లో కుక్కుకుంది. పాప వీళ్లందరినీ మార్చి మార్చి చూస్తోంది.

"నంద్యాల్లో ఆ డాక్టరు అడిగినాడు సార్, ఆయాసం ఉండాదా అని. ఆమె నా పక్క చూసింది. చూసి, లేదనింది. మళ్లా అడిగినాడు. ఆ పొద్దు నేను చెప్పాల్సింది. ఉండాది సార్, ఈమె నాకు భయపడి దాస్తాండాది, నాకు తెలుసు, నాకేం బాధ లేదు అని ఒక్క మాట చెప్పాల్సింది. ఆ డాక్టరు ముందర ఆమె పరువు పోతాదని కిటికీ పక్క తిరిగినా. మీకేమో ఎట్లైనా తెలిసే ఉంటాది, చీటీలో రాసే ఉంటారు అనుకున్న్యా."

"చదవలేదా చీటీ?" అన్నాను.

"చదవలేదు సార్. దాంట్లో ఆ మాట ఉంటాది కదా. చదివితే, ఆమె దాచిన సంగతి నాకు తెలిసిపోయినట్టే కదా. మడత ఇప్పకుండా తీసకపోయి ఇచ్చినా."

బల్ల మీద రెండు చేతులూ పెట్టి కూర్చుండిపోయాను. ఆయన చూస్తాడని నేను రాయలేదు. నేను రాశానని ఆయన చూడలేదు. పాత కార్డు చించిన సంగతి, ఫైలు నెట్టేసిన సంగతి, చదవని ఉత్తరం సంగతి అన్నీ ఆయనకు చెప్పాను. ఏదీ దాచలేదు. ఆయన తల వంచుకుని విన్నాడు. తిట్టలేదు, కొట్టలేదు. ఏదో ఒకటి చేస్తాడని ఎదురుచూశాను. పాపను ముందుకు జరిపి, "పాపకు చీటీ రాయండి సార్" అన్నాడు.

తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాను. రెండు వైపులా నిండింది. పాపకు ఊపిరిలో వినపడే కూత, తల్లికి ఉన్న ఉబ్బసం, తల్లికి వచ్చిన మైగ్రేన్, ఆమెకు ఏ మందు పడలేదో, ఏం జరిగిందో, అన్నీ. కింద నా ఫోన్ నంబరు వేసి, మీరు చేయకపోతే నేనే చేస్తాను అని హరీష్‌కు రాశాను. రాసినదంతా పైనుంచి కిందిదాకా తెలుగులో చదివి వినిపించాను. పరంజ్యోతి వింటూ ఏడ్చింది. ఈసారి ఆపమనలేదు.

కీర్తన అంతా విని, వాళ్ల నాయన వైపు తిరిగి, "నాయనా, నీకు తెలుసంటివే. మరి అమ్మతో ఒక్కసారన్నా చెప్పకపోతివి యాలా?" అని అడిగింది.

జీవన్ ఆ పాపను దగ్గరికి తీసుకున్నాడు. నా వైపు చూశాడు, నేనైనా చెబుతానేమోనని. నేను చీటీని మడవకుండా ఆయన చేతిలో పెట్టాను.